వాగులో తెల్లమచ్చ

వెర్లిన్ హోస్టెట్లర్‌కి తెలియని మంట కాన్సాస్ గుట్టల్లోనే లేదు. ఆ మాట చెప్పేదీ అతనే. ఏటా వసంతంలో ఎండుగడ్డికీ, బీళ్లను మింగేస్తున్న సీడర్ పొదలకూ ఇరుగుపొరుగు రైతులు నీళ్ల ట్యాంకులతో కూడి నిప్పు పెడతారు. అందులో పెత్తనం వెర్లిన్‌ది, చెమట ఇతరులది.

తమ్ముడు లైల్ ఎడమచెయ్యి ముడుచుకుపోయింది అలాంటి మంటలోనే. అతను పొదలు కమ్మిన ఎండువాగులోకి దిగి నిప్పంటిస్తుండగా గాలి తిరిగింది. "నీళ్లతో నీ వెనకాలే ఉన్నానురా" అని అంతకుముందే రేడియోలో ధైర్యం చెప్పాడు అన్న. ట్రక్కు మీది పంపు మొరాయించింది గానీ లేకపోతే కాపాడేవాణ్ణని ఇప్పటికీ కాఫీ హోటల్లో చెప్పుకుంటాడు, సిగ్గులేని మనిషి. లైల్ నమ్మాడు, పాపం.

ఈ ఏడు వెర్లిన్ భార్య డోర్లా పట్టుబట్టి డ్రోన్ నడిపే షెల్బీని పిలిపించింది. నిప్పు ఉండలు పైనుంచి పడతాయి, వాగులోకి మనిషి దిగక్కర్లేదు.

"బొమ్మ ఎగరేస్తే వాగు కాలుతుందిటే? మగాడు దిగాలి!" అన్నాడు వెర్లిన్.

"దిగిన మగాడెవరో చూశాంలే," అంది డోర్లా.

అతను మూతి ముడుచుకుని ట్రక్కులో అవతలి గట్టుకు పోయాడు.

నిప్పు వేసేముందు షెల్బీ వేడిని పసిగట్టే కెమెరాతో వాగంతా గాలించింది. డోర్లా, లైల్ ఆమె పక్కన నిలబడి చూస్తున్నారు. వేడి తెల్లగా కనపడే ఆ తెరమీద ఒక తెల్లమచ్చ పొదల మధ్య పాకుతోంది.

"దూడ తప్పిపోయిందా?" అన్నాడు లైల్.

"దూడకైతే బుద్ధుంటుంది. చేతిలో దివిటీ చూడు, నీ అన్నే. డ్రోన్ కంటే ముందు తనే అంటించి గొప్పలు పోవాలని!" డోర్లాకు భయం, రోత ఒక్కసారే ముంచుకొచ్చాయి. రేడియో అందుకుంది. "ఎక్కడున్నావయ్యా?"

"ఎక్కడుంటాను? ట్రక్కు దగ్గరే, నీళ్ల పైపు పట్టుకుని. మీ బొమ్మ ఇంకా ఎగరలేదా?"

ఆ గొంతులో ఇసుమంత తడబాటు లేదు. లైల్ తెరకేసి చూశాడు. తన చేతికేసి చూసుకున్నాడు. వదిన దగ్గర్నుంచి రేడియో తీసుకున్నాడు.

"అన్నా, నువ్వు వాగులో ఉన్నావు. మాకు కనపడుతున్నావు. పైకి రా." "ఆ రోజు కూడా నా వెనకాలే ఉన్నానన్నావు. ఎక్కడున్నావన్నా?"

రేడియో గరగరలాడింది. తెరమీద మచ్చ చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాత మెల్లగా గట్టెక్కసాగింది.

"అతను పైకొచ్చాక కానివ్వు, అమ్మాయ్," అంది డోర్లా షెల్బీతో. "తిన్నగా ట్రక్కు దగ్గరికే వెళ్తాడు. అలవాటైన చోటేగా."