చినిగిన తెరచాప

ఇవాళ కోరుట్లలో, పిల్లలకు బొమ్మలు నేర్పే మా గదిలో కొత్త కాన్వాసు చుట్ట విప్పాను. పచ్చి నూలు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు బొమ్మలు గుర్తుకు రావు, రాజేశం పెద్దబాపు గుర్తుకొస్తాడు. ఆయన వెంటే సిగ్గూ వస్తుంది.

సిరిసిల్లలో మా పక్కిల్లే ఆయనది. వయసులో ఉండగా చేతిమగ్గం నేసి, తర్వాత సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనికి కుదిరాడు. నేను హైదరాబాదులో చిత్రకళ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకు వస్తూ డచ్ చిత్రాల లావుపాటి పుస్తకం మోసుకొచ్చాను. కొన్ని వందల ఏళ్ల నాటి బొమ్మలు. ఒక పేజీలో తుఫాను; కొండంత అలలు, పక్కకు ఒరిగిన ఓడ, చినిగిన తెరచాప. "పాపం, మునుగుతున్నరు పెద్దబాపూ" అన్నాను, చదువుకున్నదాన్ని కదా, అంతా నాకే తెలిసినట్టు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"మునగరు బిడ్డా. నువ్వు నీళ్లు చూస్తున్నవ్, గా బట్ట చూడు. తక్కువ పన్నా, సన్నటి పట్టీలు పక్కపక్కన వెట్టి కుట్టిండ్రు. అడ్డం చినిగింది, కుట్టు కాడికి అచ్చి ఆగింది, కనవడ్తలేదా? కుట్టు కాడ బట్ట రెండు మడతలుంటది. ఇగ చినగది. గీ బొమ్మ ఏసినాయన బట్ట ఎరిగినోడే."

ఎన్నిసార్లు చూసినా నా కంటికి ఆనని కుట్టు అప్పుడు కనిపించింది.

మరుసటి ఏడు జగిత్యాలలో ఒక సభలో ఆ బొమ్మ గురించే మాట్లాడాను. పెద్దబాపు పనికి నాగా పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాతో బస్సులో వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. కుట్టు చూపించి, "చినుగు ఇక్కడ ఆగింది, ఈ ఓడ మునగదు" అనగానే చప్పట్లు మోగాయి. ముందు వరుసలో పెద్దాయన ఒకరు లేచి, "ఈ మాట నేనెక్కడా చదవలేదమ్మా. ఎవరు చెప్పారు నీకు?" అని అడిగారు. వెనక పెద్దబాపు కొంచెం నిటారుగా కూర్చున్నాడు. చూశాను. చూసి కూడా, "చూడగా చూడగా నాకే తట్టింది సార్" అన్నాను. నా నోరు పడిపోను! ఒక్క పేరు చెప్తే నా సొమ్మేం పోయేది? సాంచాలు నడిపే మనిషి దగ్గర నేర్చుకున్నానంటే చిన్నతనం అనుకున్నాను. అంతకు మించి కారణమేమీ లేదు.

తిరుగు బస్సులో ఆయన ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది. వేములవాడ దాటాక ఆయనే మెల్లగా అన్నాడు:

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఒక్క కాడ తప్పినవ్. అడ్డం పోగులు, పేకలు తెగినయన్నవ్. అడ్డం చినిగితే తెగేది నిలువు పోగులు, పడుగు. నేతోళ్లెవలన్న ఇంటే నిన్ను నవ్వుతరు. రాసేటప్పుడు సరిజేసుకో."

"సరే పెద్దబాపూ" అన్నాను. తప్పయిపోయిందని మాత్రం అనలేకపోయాను. అంత జరిగాక కూడా నన్నెవరూ నవ్వకూడదనే ఆయన బాధ.

ఆ ప్రసంగాన్ని సభవాళ్ల వ్యాసాల పుస్తకంలో అచ్చుకు అప్పటికే ఇచ్చేశాను. దిద్దితే ఎవరు దిద్దారని అడుగుతారేమోనని భయపడి అలాగే వదిలేశాను. పుస్తకం వచ్చాక ఆయనకు చూపించనేలేదు. ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు క్లాసులో ఆ ఓడ చూపించేటప్పుడల్లా ముందు ఆయన పేరే చెప్తాను, పిల్లలు రాసుకుంటారు. వినాల్సిన మనిషి లేడు. అచ్చులో నా పేరే ఉంది. ఆ వ్యాసం మొత్తం ఆయన చూపే. పేకలు తెగాయన్న తప్పొక్కటే నాది.