జ్ఞానరాజు అయ్యవారు సన్నబడిన వైనం

ఊరి బయట మా గేరిలో ఎవరి పక్కటెముకలైనా దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. కోడుమూరు చుట్టుపక్కల మెట్టచేలలో కూలికి పోయేవాళ్ళకు కొవ్వు ఎక్కడిది? అలాంటి చోట జ్ఞానరాజు అయ్యవారు ఒక్కడే లావుపాటి మనిషి. మిషన్ వాళ్ళు మా గుడికి పంపిన ఉపదేశి ఆయన. పొద్దున పిల్లలకు అక్షరాలు దిద్దించి, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని చూసి, "మీరు పస్తులుండి ఈయప్పను మేపుతాండారా?" అని నవ్వేవాళ్ళు. అబద్ధమెందుకు, మేపింది మేమే. ఆ గుడికి సంఘపెద్దగా ఉన్న దాసన్నను నేను. అందరికంటే ఎక్కువ మేపింది నేనే.

ఎందుకంటారా? ఊళ్ళోవాళ్ళు మాకు మంచినీళ్ళు కూడా ఎత్తునుంచి దోసిట్లో పోసేవాళ్ళు. మా చేతి వంట వాళ్ళ నోటికి ఎక్కదు. అయ్యవారు సాలెవాళ్ళలో పుట్టి కూడా మా గుడిసెల్లో, మా సత్తు గిన్నెల్లో, మాతోపాటు కింద కూర్చుని తిన్నాడు. మొదటిసారి మా ఇంట్లో తిన్ననాడు మా అమ్మ ఏడ్చింది. అప్పటినుంచి అది ఆచారమైపోయింది. ప్రార్థన చేసిన ప్రతి ఇంట్లో ఆయన తినాలి. అయిదిళ్ళు తిరిగితే అయిదు సంగటి ముద్దలు.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో ఆయన కుడికాలి బొటనవేలికి ముల్లు దిగి పుండైంది. నెలలు గడిచినా మానలేదు. మిషన్ ఆసుపత్రి డాక్టరు చూసి, ఇది చక్కెర జబ్బు అన్నాడు. ఒళ్ళు తగ్గితే పుండు మానే అవకాశం ఉంది, తగ్గకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని చెప్పి పంపాడు.

మొదట అయ్యవారు తనకు తెలిసిన దారే పట్టాడు. ఈస్టరుకు ముందు నలభై రోజులూ ఉపవాసం ఉంటానన్నాడు. పన్నెండో రోజు ప్రసంగం మధ్యలో దబ్బున పడిపోయాడు. మేము లేపి పాయసం తాగించాం. మళ్ళీ లేవకుండా పోతాడేమోనని భయపడి ప్రతి ఇంటివాళ్ళూ రెట్టింపు పెట్టారు. పండుగ నాటికి పోయిన కండంతా తిరిగొచ్చింది.

రెండోసారి ఉన్నమాట చెప్పేశాడు. "నాకు జబ్బు చేసిండాదమ్మా, ఇంత తినగూడదు" అని రాహేలమ్మ ఇంట్లో గిన్నె పక్కకు జరిపాడు. రాహేలమ్మ ఒంటరి ముసలిది. ఆయన కోసమని రెండు రోజులు తాను గంజి తాగి కొర్రలు మిగిల్చింది. మా లెక్కలో జబ్బంటే చిక్కిపోవడం. ఇంత లావు మనిషికి జబ్బంటే ఎవరు నమ్ముతారు? ఆదివారం గుడి ముందర అందరూ వింటుండగా, "మా కూడు ఇన్నాళ్ళకు మైలపడెనా అయ్యవారూ?" అని అడిగేసింది. ఆమెతోపాటు ఆరిళ్ళవాళ్ళు గుడికి రావడం మానేశారు. అయ్యవారు ఆ వారమే ఆరిళ్ళకూ పోయి, పెట్టిందంతా తిని, వాళ్ళను వెనక్కి తెచ్చుకున్నాడు.

మూడోసారి పట్టుదల ఆయన భార్య కృపమణమ్మది. ఆమే డాక్టరు దగ్గర కూర్చుని అంతా అడిగి తెలుసుకొచ్చింది. పస్తులు వద్దు, సగం తినాలి, ఆ సగమే బతికినన్నాళ్ళూ తినాలి. ఇంట్లో బెల్లం లేకుండా చేసింది. ఆకుకూర, పలుచని మజ్జిగ పట్టించి ఆయన్ని ప్రార్థనలకు పంపేది. అంతకుముందే ఇల్లిల్లూ తిరిగి, "మీరు పెట్టండి, అయ్యవారు తింటారు. ఒక్క పిడికెడే పెట్టండి. మీ కాళ్ళు మొక్కుతా" అని బతిమాలింది. మా గిన్నెలోనే తింటున్నాడు కదా అని అందరూ సరేనన్నారు. రాహేలమ్మ కూడా సణుక్కుంటూ ఒప్పుకుంది.

నెలకోసారి కోడుమూరు బుడ్డల మండీలో, వేరుశనగ మూటలు తూచే కాటా మీదికి ఆయన ఎక్కేవాడు. "తొమ్మిది మణుగులు! ఏమప్పా, ఈ మూట ఎవురిది?" అని హమాలీలు పగలబడి నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నాలుగో నెలకు ఎనిమిది మణుగులకు దిగాడు. పుండు అంచులు ఎండాయి. కృపమణమ్మ ఆయన చొక్కాల కుట్లు విప్పి చిన్నవి చేసి కుట్టింది. ఆ నెలలో ఆమె ముఖం చూడాలి, పెళ్ళికూతురి ముఖమే.

అప్పుడు వచ్చింది మా కూతురు విశ్వాసమ్మ పెళ్ళి. వియ్యాలవారిది మైదుకూరు. అయ్యవారు పెళ్ళి జరిపించి, పందిట్లో కూర్చుని, పిడికెడు తిని లేవబోయాడు.

"ఏమప్పా దాసన్నా, మీ అయ్యవారు పెద్దకులమా ఏంది? మీ కూడు ముట్టి ఇడిసిపెడతాండాడే!" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ. పంక్తి అంతా నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేస్తున్న అయ్యవారిని భుజం పట్టి కూర్చోబెట్టాను.

"ఈ పొద్దు మీరు కడుపునిండా తినకుంటే వీళ్ళ ముందర నేను తలెత్తుకోలేను అయ్యవారూ."

"దాసన్నా, నా కాలు..."

"ఒక్క పూటకే కాలు పోతాదా?"

నా చేత్తో బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు ఏడు వేసి నెయ్యి పోశాను. తలవంచుకుని అన్నీ తిన్నాడు. ఆడవాళ్ళ పంక్తిలోంచి కృపమణమ్మ చూస్తూనే ఉంది.

ఒక్క పూటకు కాలు పోలేదు, నిజమే. కానీ మూడోనాడు రాహేలమ్మ నిలదీసింది. "సంఘపెద్ద పందిట్లో ఏడు ఓళిగలు, నా గుడిసెలో పిడికెడా? ఇదేం న్యాయం?" గేరి అంతా అదే పాట ఎత్తుకుంది. అయ్యవారు మళ్ళీ ఎవరికీ వద్దని చెప్పలేకపోయాడు. సంఘపెద్దగా నేను ఒక్క మాట అంటే ఆగేది. ఆ మాట అంటే, పందిట్లో నేను చేసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అనలేదు. అంత నీచుణ్ణి నేను. రెండు నెలలకు వేలు నల్లబడింది. ఆ వెనకే పాదం. ఆసుపత్రిలో మోకాలి కింద కోసేశారు.

కర్రల మీద తిరిగొచ్చిన మనిషి ఇల్లిల్లూ ఏం తిరుగుతాడు? మిషన్ వాళ్ళు కొత్త ఉపదేశిని పంపారు. ప్రార్థన చేసినవాడికి పెట్టడం మా ఆచారం. రాలేనివాడికి పెట్టడం మాకెవరూ నేర్పలేదు. ఆ ఏడు వానలు కూడా లేవు. ఉన్న ఒక్క గిన్నె కొత్తాయనకే పోయింది. రాహేలమ్మ ఒకటి రెండుసార్లు ఏదో పంపిందని విన్నాను. నేను అదీ పంపలేదు. ఆ ఇంటివైపు పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

ఎండాకాలంలో వాళ్ళు ఆత్మకూరుకు, కృపమణమ్మ పుట్టింటికి బయలుదేరారు. తమ దగ్గరే ఉండిపోయిన గుడి తాళంచెవి ఇవ్వడానికి ఆమె మా వాకిట్లోకి వచ్చింది.

"అయ్యవారు ఎట్లుండారమ్మా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"డాక్టరు చెప్పినంత తగ్గినారు దాసన్నా. ఇప్పుడు పెట్టేవాళ్ళెవురూ లేరు గదా."

సాయం పడదామని ఆమె వెంట వాళ్ళింటి ముందర నిలిచిన బండి దాకా పోయాను. గడప మీద కూర్చున్న మనిషిని ముందు గుర్తుపట్టలేదు. నేను చెయ్యి చాపేలోపు కృపమణమ్మ అడ్డం వచ్చింది. వంగి, ఆయన్ని ఒక్కతే రెండు చేతులతో ఎత్తి బండిలో కూర్చోబెట్టింది.