ఎంటర్ మీద సారు చెయ్యి

మొన్న సోమవారం మా టైపు సారు పోయిన్రని సూర్యాపేట నుంచి తమ్ముడు ఫోన్ చేసిండు. కోస్తున్న కూరగాయలు పక్కకు పెట్టి అట్లనే కూసున్న. నేను బయల్దేరేలోపే అంతా అయిపోయిందట. ఆఖరి చూపు దక్కలేదన్న బాధ ఇంకా ఇడుస్తలేదు నన్ను.

సారుది కోదాడ దిక్కు. సూర్యాపేట బస్టాండ్ దగ్గర మేడమీద పది మిషన్లు పెట్టుకుని టైపు నేర్పేది. నేర్పుడంటే మాటలా! జర వంగి కూసుంటే చాలు, "నడుం నిలబెట్టమ్మాయ్, మిషనేం పారిపోదు" అని గదమాయించేది. లోయరు, హయ్యరు టైపు పరీక్షలు రెండూ ఆయన దగ్గర్నే పాసైన. తీరా చూస్తే తొంభైల చివరికి టైపు నౌకరీలే ఖతం. నాయిన మిల్లుల బస్తాలు మోసి మోసి నడుము పడిపోయి మంచంల ఉన్నడు. ఇల్లు నా మీద పడ్డది.

అప్పుడే సారు పేపర్ల ఒక ప్రకటన చింపి తెచ్చిన్రు. డాక్టర్లు టేపుల చెప్పింది విని కంప్యూటర్ల కొట్టే పని, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. హైదరాబాదుల పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంటే నౌకరీ ఉంటది. ఊకుంటనా, పోయి రాసిన. తప్పిన!

రోగాల పేర్లన్నీ సరిగ్గనే కొట్టిన. కొంప ముంచింది నా టైపు అలవాటు. మిషన్ మీద గంట మోగంగనే కొత్త లైనుకు పోవాలె గద. కంప్యూటర్ల లైను దానంతటదే కిందికి దిగుతది, పేరా అయినంకనే ఎంటర్ కొట్టాలె. నేను గంట లేకున్నా లైను లైనుకు కొట్టిన. పరీక్ష పెట్టినోళ్లు అక్షరాల సైజు మార్చంగనే పేజీ అంతా ముక్కలు ముక్కలైంది.

సారుకు చెప్పుకుని ఏడ్సిన. ఆయన మొహం వాడిపోయింది.

"తప్పు నీది కాదమ్మాయ్. ఆ అలవాటు చేసింది నేను, మాన్పించేదీ నేనే."

అప్పటిదాక కంప్యూటర్ ముట్టని మనిషి! ఆదివారం ఆదివారం మిర్యాలగూడల తన మేనల్లుడి కంప్యూటర్ సెంటర్‌కు నన్ను బస్సుల తోలుకపోయేది. పక్కన కుర్చీ వేసుకుని, ఎంటర్ మీద అరచెయ్యి బోర్లించి, డాక్టరు లెక్క ఇంగ్లీషు గడగడ చదివేది. నా వేలు పోయి పోయి ఆయన చేతికే తగిలేది.

"పేరా అయిందా? కాలేదుగా. కొట్టమాకు."

నాకు ఒళ్లు మండేది. "సార్, జర చెయ్యి తీయరాదుండ్రి" అంటే నవ్వేది. పేరా అయినంకనే తీసేది. రెండు నెలలకు ఒకరోజు పేజీ మొత్తం అయిపోయింది, వేలు ఒక్కసారి తగల్లే. సారు చెయ్యి దులుపుకుని, "ఇక పోయి రాసిరా" అన్నరు.

పాసైన. సర్టిఫికెట్ వచ్చింది, నౌకరీ వచ్చింది, నాయినను మంచి దవాఖానల చూపిచ్చిన.

మొదటి సెలవు దొరకంగనే పాలకోవ పట్టుకుని సారు దగ్గరికి పోయిన. ఒక పిల్ల మొహం చిన్నబుచ్చుకుని మెట్లు దిగుతున్నది. "టైపు నేర్చుకుంటనంటే సారు చేర్చుకుంటలేరక్కా. కంప్యూటర్ నేర్చుకో పో అంటున్నరు."

పైకి పోయి చూస్తే సారు ఒక్కరే ఉన్నరు.

"వచ్చినోళ్లందర్నీ గిట్ల పంపిస్తే మీ సంగతేంది సార్?" అని కోపం చేసిన.

"టైపు నేర్పి నిన్ను ఏడిపించింది చాలదా అమ్మాయ్?" అన్నరు.

నూనె డబ్బా పట్టుకుని పక్క మిషన్ దగ్గరికి జరిగిన్రు. పది మిషన్లూ నిగనిగలాడుతున్నయ్. కొట్టేటోళ్లు ఒక్కరు లేరు.