బుడే సాహెబ్ మాంసం మానలేదు

ముందే ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. మార్కాపురం హైస్కూలు గ్రౌండులో బిర్యానీ మాస్టర్ బుడే సాహెబ్ గోల్‌పోస్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏదో గొణుగుతూ గొంతుక్కూర్చుని ఉంటే వీడియో తీసింది నేనే. దాని కింద ‘మాంసం మాని మోక్షమార్గం పట్టిన బిర్యానీ బాబా’ అని రాసి స్టేటస్ పెట్టిందీ నేనే. ఆయన గొణిగింది మంత్రం కాదు. యోగా టీచరు శ్యామలమ్మను తిడుతున్నాడు. పక్కింటివాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు, స్టేటస్ చూసినవాళ్లకు తెలియదు.

బుడే సాహెబ్‌ది కట్టెల పొయ్యి బిర్యానీ. గిద్దలూరు నుంచి వెలిగండ్ల దాకా పెళ్లయినా, పిల్లలకు చెవులు కుట్టినా ఆయన డేగిసా దిగాల్సిందే. మూత చుట్టూ పిండి అతికించి దమ్ పెట్టాక, పొయ్యి పక్కనే గొంతుక్కూర్చుని మూత దగ్గర చెవి పెట్టి వినేవాడు. లోపల ఏం వినపడుతుందో ఎవరికీ చెప్పేవాడు కాదు. మరీ గుచ్చి అడిగితే, మీ అత్త తిడుతోంది వింటావా అని తరిమేసేవాడు.

రెండేళ్ల కింద కొమరోలు పెళ్లి నుంచి తిరిగొస్తుంటే ట్రాలీ ఆటో బోల్తా కొట్టింది. జన్మంతా ఆయన ఎక్కించి దించిన డేగిసా ఆ రోజు ఆయన మీదే దిగింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల రాడ్డు వేశారు. ఎముకైతే అతుక్కుంది గానీ, మోకాలు మాత్రం మడవనని మొండికేసింది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా డాక్టర్లే. ఒకాయన నాటుకోడి సూపు తాగమన్నాడు. ఇంకొకాయన ఆ కోడి తన దగ్గరే కొనమన్నాడు. ఇంట్లో ఫంక్షన్ వచ్చినప్పుడు మాత్రం వాళ్లకు ఈయన ఇల్లు గుర్తు రాలేదు. చివరికి ఒకరు జాలిపడి పిలిచారు. బుడే సాహెబ్ పొయ్యి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అంత ఎత్తు నుంచి మూత వినపడలేదు. సెగకు కుర్చీ కాలు మెత్తబడి వంగింది, దాంతోపాటు ఆయనా ఒరిగాడు, బిర్యానీ అడుగంటింది. జనం మూడోసారి వడ్డించుకుని మరీ మాడిందన్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆయన పేరు కుర్చీ మాస్టర్.

పొయ్యి కాడ కూర్చోలేనివాడు వంటవాడేంది అని ఆయన మంచమెక్కాడు. గరిటెలన్నీ అమ్మేస్తానన్నాడు. గరిటెలు తర్వాత అమ్ముకోవచ్చు, ముందు లేచి పొమ్మని భార్య మౌలాబీ ఆయన్ను శ్యామలమ్మ దగ్గరికి తోలింది.

శ్యామలమ్మ రిటైరైన డ్రిల్లు టీచరు. షుగరువాళ్లకూ నడుంనొప్పివాళ్లకూ పొద్దున్నే గ్రౌండులో ఊరికే యోగా నేర్పిస్తుంది. ఉద్యోగం పోయినా మెడలో విజిల్ పోలేదు. ఆమెకు తాతలైనా ఆరో తరగతి పిల్లలే. వచ్చిన రోజే సుఖాసనం వెయ్యమంది. బుడే సాహెబ్ కాలు మడవబోయి కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

“దీనికి సుఖమని పేరు పెట్టినోడి కాల్లో రాడ్డు లేదమ్మా” అన్నాడు.

శవాసనం ఒక్కటే మొదటి రోజే వచ్చింది, గురకతో సహా.

ఆమె తొందరపెట్టలేదు, అలాగని వదల్లేదు. గోడకు పాదం ఆనించి మెల్లగా జార్చమనేది. మడిచిన దుప్పటి మీద కూర్చోబెట్టేది. ఊపిరి వదులుతూ వేలెడంత వంగమనేది. ఇవాళ వేలెడంత వంగిన మోకాలు రేపటికి మళ్లీ బిగుసుకునేది. వానలు పోయి ఎండలు ముదిరేసరికి, గోల్‌పోస్టు పట్టుకుంటే మడమలు నేలకానేలా గొంతుక్కూర్చోగలిగాడు. పట్టు వదిలితే వెల్లకిలా పడతానని భయం. శ్యామలమ్మ ఎంత విజిలేసినా ఆ కంబం వదిలేవాడు కాదు. నా వీడియోలోని ఆ తిట్లన్నీ అందుకే.

సరిగ్గా అప్పుడే కొనకనమిట్ల రైతు వెంకటసుబ్బయ్య, మనవడికి చెవులు కుట్టే రోజు బిర్యానీ ఈయనకు ఒప్పజెప్పాడు. కుర్చీ గోల తర్వాత వచ్చిన మొదటి పిలుపు. ఇది కూడా చెడితే ఇంకెవరూ పిలవరని బుడే సాహెబ్‌కు తెలుసు. సరిగ్గా అప్పుడే నా స్టేటస్సూ కొనకనమిట్ల చేరింది.

మా వైపు పెద్దమనుషులు పని రద్దు చేసినా దండం పెట్టే చేస్తారు.

“సాయబన్నా, మాంసం మానేసినావంట. మంచి దారిలో ఉండావు” అన్నాడు వెంకటసుబ్బయ్య ఫోన్లో. “నీ చేత మళ్లీ మాంసం ముట్టించి ఆ పాపం మేం మూటగట్టుకోలేం.”

ముందురోజు తిన్న తలకాయ కూర సంగతి చెప్పినా నమ్మలేదు. గొప్పవాళ్లు పైకి చెప్పుకోరట.

బుడే సాహెబ్ నన్ను పిలిచి తిట్టలేదు. మసాలా సంచీ చేతికిచ్చి కొనకనమిట్ల బస్సెక్కమన్నాడు. సంగతి విని శ్యామలమ్మా ఎక్కింది. తన దగ్గర చేరితే మాంసం మానాలనే పుకారు పుడితే రేపు గ్రౌండులో కుక్క కూడా ఉండదని ఆమె బాధ.

కొనకనమిట్లలో చాప పరిచి, పాలూ అరటిపళ్లూ పెట్టారు. ఒక ముసలమ్మ బుడే సాహెబ్ కాళ్లకు మొక్కబోతే ఆయన రాడ్డున్న కాలు గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

శ్యామలమ్మ అరటిపండు పక్కన పెట్టింది. “ఏందయ్యా సుబ్బయ్యా, ఇంట్లో కోడి లేదా?”

వెంకటసుబ్బయ్య తెరిచిన నోరు మూసేలోపే కోడి దొరికింది. దాన్ని బుడే సాహెబే కోశాడు. బాబాలు చెయ్యని పని అది.

పెరట్లో పొయ్యి వెలిగించి, చిన్న డేగిసా ఎక్కించి, మూతకు పిండి అతికించాడు. ఇంటావిడ జాలిగా కుర్చీ తెచ్చి పక్కన వేసింది. ఆయన దాన్ని చూశాడు. పట్టుకోవడానికి అక్కడ గుంజ కూడా లేదు. ఊపిరి తీసుకుని మెల్లగా వదులుతూ వంగాడు. మోకాలు రోజూ ఆగేచోటే ఆగింది. శ్యామలమ్మ విజిల్ నోటిదాకా వచ్చి నిలిచిపోయింది. ఆయన ఇంకాస్త ఊపిరి వదిలాడు. మడమలు నేలకానాయి. రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి. వాటినేం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చూసుకుని, మోకాళ్ల మీద పెట్టి, మూత దగ్గరికి చెవి వంచాడు.

చాలాసేపటికి, దించమన్నాడు. లేచేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు, అవసరానికి మించి గట్టిగానే.

శ్యామలమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. యోగా టీచరే బొమిక నములుతుంటే ఇక శిష్యుడిని అడిగేదేముంది? వెంకటసుబ్బయ్య ఎంగిలి చేత్తోనే పని మళ్లీ ఒప్పజెప్పాడు.

తిరుగు బస్సులో బుడే సాహెబ్ కాలు చాపుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. నాకు నోరాగలేదు. నా వీడియో పుణ్యం కాకపోతే ఆ గోల్‌పోస్టు ఈ జన్మలో వదిలేవాడివా మామా అని అడిగాను.

“కాలు ఇరగ్గొట్టిన డేగిసాకే నేను దండం పెట్టలేదు, నీకు పెడతానారా?” అన్నాడు. “ఫంక్షన్ రోజు తెల్లారకముందే రా. బస్తా ఎర్రగడ్డలు కొయ్యాల, కళ్లనీళ్లు కారినా సరే. గొంతుక్కూర్చోని కొయ్యాల. మధ్యలో కుర్చీ అడిగినావంటే, ఈసారి వీడియో నేను తీస్తా.”