రెండు గ్లాసుల అనుమానం

పొద్దున్నే ఆవిడ వంటింట్లోంచి "టీ అయిపోవచ్చిందండీ" అంటే, హాల్లోంచి "ఎంతలో? తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత?" అని ఆయన గొంతు వినిపించేది. ఇప్పుడు వినిపించడం లేదు. అయినా ఆవిడ అలవాటు కొద్దీ ఆ మాట అనేసి, ఒక్క క్షణం చెవి అటు వేసి, పొయ్యి కట్టేసి ఒక్క కప్పులోనే పోసుకుంటోంది.

ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే. లోకంలో ఎవరు ఏ అంకె చెప్పినా నమ్మేవారు కాదు. అంకె అంటే ఆయన దృష్టిలో ముసుగేసుకొచ్చిన మనిషి. అది ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా పోగలదో, ఏ కొలతలో ఉందో తేలేదాకా గుమ్మంలోనే నిలబెట్టాలి.

కుళాయి బాగుచేసేవాడు "పది నిమిషాల్లో వస్తా సార్" అన్నాడొకసారి.

"తక్కువలో తక్కువ ఎంత?"

"పది నిమిషాలే సార్."

"ఎక్కువలో ఎక్కువ?"

వాడు కాసేపు ఆలోచించి, "రేపు సాయంత్రం సార్" అన్నాడు.

"అదీ! ఇప్పుడు నిజం చెప్పావు" అని ఆయన ఫోను పెట్టేసి, ఇల్లంతా నీళ్ళు కారుతున్నా హాయిగా పేపరు చదువుకున్నారు. వాడు వచ్చింది మూడోనాడు. ఆలస్యానికి ఆయన పల్లెత్తు మాట అనలేదు గానీ, ఎక్కువలో ఎక్కువ తప్పు చెప్పినందుకు వాడికి టీ ఇచ్చి మరీ చీవాట్లు పెట్టారు.

ఆవిడ తమ్ముడు ఓసారి కంగారుగా ఫోను చేశాడు. "బావా, పిల్లాడికి జ్వరం నూట రెండు!"

"ఏ కొలతలో?"

"థర్మామీటరు కొలతలో బావా!"

"మీ ఇంటిదా, డాక్టరుదా? రెండూ ఒకటే చూపిస్తాయా?"

"అక్కకివ్వు బావా ఫోను. ఇంకాసేపు మాట్లాడితే నాకొస్తుంది జ్వరం."

ఆ రోజు నుంచి తమ్ముడు ఆయన్ని 'ఎంతబావ' అనడం మొదలెట్టాడు. చుట్టాలందరికీ అదే పేరైపోయింది. పెళ్ళి పిలుపుకొచ్చినవాళ్ళు కూడా "ముహూర్తం ఎనిమిదింటికి, ఎంతబావకి మాత్రం ఏడున్నర నుంచి తొమ్మిదింటి వరకు అని చెప్పండి" అనేసి పోయేవారు.

అసలు ఆయన ఉద్యోగమే అలాంటిది. మనుషులు రాసిన ప్రోగ్రాముల్ని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే ప్రోగ్రాము ఒకటుంటుందట, కంపైలర్ అని. మార్చేటప్పుడు అది ఊరుకోదు. ఈ అంకె ఎంతకు తగ్గదు, ఎంతకు మించదు అని ముందే ఆరా తీస్తుంది. ఆ ఆరా సరిగ్గా ఉంటే యంత్రానికి బోలెడు చాకిరీ తప్పుతుంది. ఆరా తప్పితే యంత్రం తప్పుడు పని చేస్తుంది, లేదంటే కంపైలరే మధ్యలో చతికిలబడుతుంది. ఆ ఆరా విభాగానికి ఆయనే పెద్ద. ఆవిడ ఇదంతా విని, "అయితే మీ అనుమానానికి జీతం కూడా ఇస్తారన్నమాట" అంది.

"ఎంత నుంచి ఎంత ఇస్తారో అడగవేం?" అన్నారాయన మహా సంబరంగా.

అంతా నవ్వులాటే అయితే గొడవే లేదు. కానీ ఆయన ఆ ప్రశ్న ఆవిడని కూడా అడిగేవారు. "ఉప్పెంత వేశావు?" అంటే "చాలినంత" అనేది. "చాలినంత అంటే ఎంత నుంచి ఎంత?" మళ్ళీ రుచి చూసి, ఏమీ అనకుండా తలూపి వెళ్ళిపోయేవారు. ఆ తలూపుడే ఆవిడకి గుచ్చుకునేది. తను చదివింది చిన్న చదువు. చదువుకోలేదని నా లెక్కంటే ఈయనకి నమ్మకం లేదు, అనుకునేది. ఆయన లోకమంతటినీ అనుమానిస్తుంటే, ఆవిడ ఆయన్నొక్కణ్ణీ అనుమానిస్తూ కాపురం చేసింది.

ఆ అనుమానాన్ని రాయిలా బిగించింది మాడిన అన్నం.

అప్పుడు ఆఫీసులో కంపైలర్ మాటిమాటికీ చతికిలబడుతోంది. ఎందుకో ఎవరికీ అంతుచిక్కడం లేదు. ఆయన పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేముందు కూడా బల్లముందు తల పట్టుకుని, "ఇటు నుంచి వచ్చే అంకె బానే ఉంది, అటు నుంచి వచ్చేదీ బానే ఉంది, రెండూ కలిస్తేనే కొంప మునుగుతోంది" అని గొణుక్కుంటున్నారు. ఆ గొణుగుడు వింటూ పొయ్యి మీద అన్నం పడేసిన ఆవిడకి కాసేపటికి మాడు వాసన తగిలింది.

ఆయన పరుగున వచ్చారు. ఆవిడ తిట్లకి సిద్ధమై నిలబడింది. ఆయన గిన్నె వైపు చూడనే లేదు. గట్టు మీద ఉన్న రెండు స్టీలు గ్లాసుల్ని చూశారు. రెండూ ఒకే రూపు, ఒకే అంచు. ఒకటి కాస్త లోతెక్కువ.

"బియ్యం దేంతో పోశావు?"

"గ్లాసుతో."

"నీళ్ళు?"

"గ్లాసుతోనే. ఒకటికి రెండు."

ఆయన ఒక్కో గ్లాసూ ఎత్తి చూశారు. బియ్యపు పిండి అంటింది పెద్దదానికి, తడి ఉన్నది చిన్నదానికి. "రెండూ గ్లాసులే! ఒసేయ్, రెండూ గ్లాసులే!" అని గంతేసి, ఆ రెండిటినీ సంచీలో వేసుకుని, తిండి కూడా తినకుండా ఆఫీసుకి పరిగెత్తారు.

సాయంత్రం మొహం వెలిగిపోతూ వచ్చారు. "కుదిరిపోయింది! ఒకవైపు అంకె చిన్న కొలతలో ఉంది, ఇంకోవైపుది పెద్ద కొలతలో. కొలత చూడకుండా కలిపేస్తున్నాం. ఇప్పుడు కలిపేముందు ఒకే కొలతలోకి మారుస్తున్నాం. మార్చడం కుదరనిచోట 'ఇది ఏదైనా కావొచ్చు' అని నోరు మూసుకుంటుంది కంపైలర్."

"గ్లాసులేవండీ?"

"ఆఫీసులోనే. అందరికీ చూపించాను."

"అందరికీనా?"

"అందరికీ! పడీ పడీ నవ్వారు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, మాడిన గిన్నె ముందు కూర్చుని తోమింది. ఎంత తోమినా అడుగున నల్లమచ్చ ఒకటి ఉండిపోయింది. ఆ తర్వాత వారం వారం పీచు పట్టుకుని దాని మీద కసి తీర్చుకునేది. ఆఫీసువాళ్ళు ఇంటికొస్తే వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఎవరు చిరునవ్వు నవ్వినా, వీళ్ళకి తెలుసు, అనుకునేది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి అడగనే లేదు. అడుగుదామనుకునేలోపు ఆయనే లేకుండా పోయారు.

ఆఫీసులో ఆయన బల్ల మీది సామాను అట్టపెట్టెలో పెట్టుకుని మొన్న ఒకమ్మాయి వచ్చింది. కళ్ళజోడు, భయం భయం చూపు. ఆయన దగ్గరే పని నేర్చుకుందట. ఆవిడ కుర్చీ చూపించిందే గానీ, కళ్ళు పెట్టె మీంచి తీయలేదు. అమ్మాయి ఒక్కో వస్తువే తీసి, చివర్న రెండు స్టీలు గ్లాసులు బల్ల మీద పెట్టింది. పెడుతూ నవ్వాపుకుంది.

ఆవిడకి చర్రున కాలింది. "నవ్వమ్మా, నవ్వు. ఆపుకోవడం దేనికి? మీ ఆఫీసంతా ఎప్పుడో నవ్వేసిందిగా."

"అయ్యో, మీకు తెలుసా ఆంటీ? సార్ 'మా ఆవిడకి చెప్పకండేం' అనేవారే!" అని అమ్మాయి నాలిక్కరుచుకుంది. "మీకు తెలిస్తే వంటింట్లోకి రానివ్వరని."

"ఎవర్ని?"

"సార్ని. అన్నం మాడ్చేశారు కదా! మీరు ఇంట్లో లేనప్పుడు తనే వండబోయి, బియ్యం ఒక గ్లాసుతో, నీళ్ళు ఇంకో గ్లాసుతో పోశారట. అప్పట్నుంచీ ఆయన మాకు 'మాడన్నం సార్'. ఆఫీసులో విందు పెట్టుకుంటే ఆయన్ని పొయ్యి చుట్టుపక్కలకి రానిచ్చేవాళ్ళం కాదు. కాగితం ప్లేట్లు మాత్రం తెమ్మనేవాళ్ళం. అవి కూడా రెండు సైజులవి తెచ్చేవారు."

ఆవిడ రెండు గ్లాసుల్నీ తన వైపుకి లాక్కుంది.

అమ్మాయి గొంతు తగ్గించింది. "నిజానికి ఆ రెండు కొలతలూ కలిపేసింది నేనాంటీ. అప్పుడు కొత్త. తప్పు బయటపడితే ఉద్యోగం ఊడుతుందని చెమటలు పడుతున్నాయి. సార్ గ్లాసులు పట్టుకొచ్చి, 'ఇవాళ నేనో ఘనకార్యం చేశాను' అని మొదలెట్టారు. అందరూ ఆయన్ని చూసి నవ్వడంలో పడిపోయి, కంపైలర్లో తప్పెవరిదని అడగడం మర్చిపోయారు."

ఆవిడ గ్లాసుల వైపే చూస్తూ, అనుమానంగానే అడిగింది. "మరి నా గురించి... ఏమీ అనలేదా?"

"అనకేం! మా ఇంట్లో ఒకావిడ ఉంది, చేత్తోనే కొలుస్తుంది, ఎంత నుంచి ఎంత అని రోజూ పొంచి పొంచి అడుగుతున్నా, ఒక్కసారైనా దొరకదే అనేవారు. కంపైలర్ మీద పందెం గెలిచినా గెలుస్తాను గానీ ఆవిడ ఉప్పు మీద గెలవలేనని."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని అమ్మాయి కంగారుగా లేచింది. తీరా చూస్తే నవ్వుతోంది. మాడన్నం సార్! ఉట్టి నీళ్ళు కాచినా పొయ్యి ఆపడం మర్చిపోయే మనిషి, వంట చేశానంటే అంతమందీ ఎలా నమ్మారో!

"కూర్చోమ్మా, టీ తాగి వెళ్దువుగాని. రెండు నిమిషాలు."

"ఎంత నుంచి ఎంత ఆంటీ?" అనేసి, అమ్మాయి చప్పున నోరు మూసుకుంది.

వంటింటి గుమ్మంలో ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ఒక నిమిషం నుంచి, నువ్వు ఇంటికి పోతానని లేచేదాకా" అని జవాబిచ్చి లోపలికి వెళ్ళింది.

అమ్మాయి వెళ్ళేసరికి బాగా పొద్దుపోయింది. ఆవిడ అంట్లన్నీ తోమింది. చివర్న అన్నం గిన్నె చేతిలోకి వచ్చింది. అలవాటుగా పీచు అందుకుని, అడుగునున్న నల్లమచ్చ మీద పెట్టబోయి, పీచు పక్కన పడేసింది. గిన్నెని ఉత్త నీళ్ళతో తొలిచి, లోపలి మచ్చ కనబడేలా గట్టు మీద వెల్లకిలా ఉంచి, దాని పక్కన రెండు గ్లాసులూ పెట్టింది.

పెద్దదేదో, చిన్నదేదో గుర్తు మాత్రం పెట్టలేదు.