మైకులో నేను చెప్పింది, ఊరు విన్నది

చేతిలో ఫోన్లున్నా, పల్లెలకు కబురు చేరాలంటే ఆటో మీద కట్టిన మైకునే నమ్ముకున్న రోజులవి. పదేళ్ళ కిందటి మాటే అయినా, తలుచుకుంటే అప్పటి నేను ఇంకెవరో అనిపిస్తుంది. నాకు ఇరవై రెండేళ్ళు. నందిగామలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరి ఏడు నెలలయింది. భాషను కాపాడే భారమంతా నా ఒక్కదాని మీదే ఉందని గట్టి నమ్మకం. కూరగాయల బండి దగ్గర కూడా ‘బెండకాయలు’ అన్న మాటను అక్షరం అక్షరం విడదీసి, ఒత్తి పలికేదాన్ని. (నాకు కొంచెం చెవుడనుకుని ఆ బండాయన పాపం నాతో గట్టిగా అరిచి మాట్లాడేవాడు.)

ఆ ఏడు ఉగాదికి ముందు జగ్గయ్యపేటలో రెండు రోజులు వేడుకలు చెయ్యాలని పెద్దసారు పూనుకున్నారు. పెద్దసారంటే డ్రాయింగు మాస్టారుగా రిటైరై, ఖాళీగా కనిపించిన వాళ్ళనల్లా ఏదో ఒక పనిలోకి లాగే మనిషి. మా చర్చి పాటల బృందం, ఆడవాళ్ళ కోలాటం, పిల్లల బొమ్మలు, ఏటేటా ముదిరిపోతున్న ఎండల మీద ఒక నాటిక, ఇంట్లో పెంచిన మొక్కలకు పోటీ, ఇవీ కార్యక్రమాలు. చివర్లో అందరికీ పంచడానికి ఆయన ఆరు నెలలుగా పెరట్లో, ఖాళీ పాల ప్యాకెట్లలో వేప, నేరేడు మొక్కలు పెంచుతున్నారు. వాటితో ఆయన మాట్లాడతారని వాళ్ళావిడ చెప్పేది. “అమ్మాయ్, పాటల్లో నీ గొంతు విన్నా. మైకు నువ్వే పట్టుకోవాలి,” అన్నారు. నేను పొంగిపోయాను.

ఆటో నడిపింది హారన్ బాబాయ్. ఎన్నికలకైనా, సర్కస్‌కైనా ఆ చుట్టుపక్కల ఆయన ఆటో, దాని మీద కట్టిన ఆయన మైకు హారనే. ఉదయం కీసర నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నానికి గరికపాడు వైపు వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది. బుగ్గన రెండు లవంగాలు పెట్టుకుని, అలాగే కొనసాగించాను. “మీరు పెంచిన మొక్కను తీసుకురండి! ఏపుగా పెరిగిన మొక్కకు ప్రథమ బహుమతి!”

బాబాయ్ అద్దంలోంచి చూసి, “అమ్మాయ్, ఆ లవంగాలు ఉమ్మెయ్యి. మాట తేడాగా వినపడతంది,” అన్నాడు.

“నా ఉచ్చారణలో తేడానా బాబాయ్? నేను తెలుగు టీచర్నండీ!” అన్నాను. ఆయన గేరు మార్చి ఆటోను ముందుకు పోనిచ్చాడు.

పోటీ రోజు ఉదయం మైదానం భలే కళకళలాడింది. బల్లల మీద గులాబీలు, జాజి తీగలు, ఒకాయన తెచ్చిన కరివేపాకు చెట్టు. ఇంతలో గేటు దగ్గర కలకలం. మెడలో పూసల దండలు, కొమ్ములకు పసుపు, నుదుట బొట్టు. పదకొండు మేకలు బారుగా లోపలికొచ్చాయి. ముందు నడుస్తున్న ఒక మామ్మ తన మేకకు నీలం రిబ్బను కూడా కట్టింది.

“ఏంది మామ్మా ఇది?” అన్నాను.

“నువ్వే గదా టీచరమ్మా, ఏపుగా పెరిగిన మేకని తోలుకురమ్మంది! తెల్లారగట్టే తలంటు పోసా దీనికి!”

ఎడ్లకు పోటీలు పెట్టే ప్రాంతంలో మేకలకు పెడితే మాత్రం వింతేముంది? గరికపాడు వైపు వాళ్ళంతా నమ్మారు. అంతలో స్టేజీ వెనక నుంచి పెద్దసారు కేక. పరుగెత్తి చూస్తే, నాలుగు మేకలు పాల ప్యాకెట్ల వరసలో నిలబడి తీరిగ్గా నేరేడు ఆకులు నములుతున్నాయి. అందరం కలిసి తోలేసరికి సగం మొక్కలు పుల్లలై మిగిలాయి. పెద్దసారు ఒక పుల్లను చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. ఆయన తిట్టినా బాగుండేది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. “హారన్ పాడైంది సార్. నేను సరిగ్గానే చెప్పాను,” అనేశాను. అందరూ హారన్ బాబాయ్ వైపు తిరిగారు. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, వెళ్ళి మైకు వైరు విప్పి చూడసాగాడు. ఎక్కడా ఏ లోపమూ లేదని తెలిసీ చూస్తున్నాడు. ఆ వంగిన వీపును చూస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. స్టేజీ ఎక్కి మైకు తీసుకున్నాను. “తప్పు హారన్‌ది కాదండీ. నోట్లో లవంగాలు పెట్టుకుని నేనే ‘మొక్క’ను ‘మేక’ చేశాను. బాబాయ్ చెప్పినా వినలేదు.”

మైదానంలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. పెద్దసారు కూడా చేతిలో పుల్ల వదలకుండానే కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మామ్మ మాత్రం నవ్వలేదు. గబగబా స్టేజీ ఎక్కి నా చేతిలో మైకు లాక్కుంది.

“నా మేకల్ని తిట్టమాకండి. ఇదివరకు చేల గట్ల మీద చెట్లుండేయి. మిట్టమజ్జాన్నం నేనూ నా మేకలూ ఆ నీడన కూలబడేవాళ్ళం. ఇప్పుడు పదింటికే నేల కాలిపోతంది. కరెంటు స్తంభం నీడన నిలబడతన్నా. అదెంతుంటది? నేను కాస్త లావు, సగమే పడతా. మిగిలిన మొక్కలు మాకియ్యండి. మేమే నాటుతాం. మేకలకి అందకుండా కంప కూడా మేమే కడతాం.”

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. అతిథిగా వచ్చిన ఆఫీసరుగారు రాసుకొచ్చిన ఆరు కాగితాలూ మడిచి జేబులో పెట్టేసుకుని, “మామ్మ చెప్పాక ఇక నేను చెప్పేదేముందండీ,” అన్నారు. ప్రథమ బహుమతి జాజి తీగకూ, మామ్మ మేకకూ సమంగా ఇచ్చారు. (రెండింటినీ పక్కపక్కన నిలబెట్టే ధైర్యం మాత్రం ఎవరూ చెయ్యలేదు.) సాయంత్రం బాబాయ్‌కి క్షమాపణ చెప్పబోతే, “నా మీద పడ్డ మాట నువ్వే తీసేసావుగా అమ్మాయ్. ఇంక వదిలెయ్. ఎక్కు, నందిగామలో దింపుతా,” అన్నాడు.

ఈ వసంతంలో మళ్ళీ వేడుకలున్నాయి. పాటలు, కోలాటం, ఎండల మీద కొత్త నాటిక. ఈసారి కార్యక్రమాల పట్టిక నన్నే తయారుచెయ్యమన్నారు. పాత కాగితాలు వెతుకుతుంటే ఆ రోజు తీసిన ఫోటో దొరికింది. పెద్దసారు, మామ్మ, హారన్ బాబాయ్, అందరూ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. నడుమ ఒక బక్కపలచని పిల్ల మాత్రం సిగ్గుతో రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ చేతులు తీసి ఒక్కసారి చూడవే, నీ చుట్టూ ఎంత బాగుందో అని చెప్పాలనిపించింది.