తరవాణి కుండ తోమిన రోజు

నా ఉద్యోగం సూక్ష్మజీవుల్ని చంపడం. బిస్కెట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం నాది. నెత్తికి టోపీ, చేతులకు తొడుగులు, కనిపించిన ప్రతి మచ్చ మీదా అనుమానం. మా అమ్మ పని వాటిని పెంచడం. మెట్టుగూడలో మా వంటింటి మూల, కుదురు మీద, తరవాణి కుండ ఉంటుంది. అన్నం వార్చిన గంజి రోజూ అందులో పోస్తే పులుస్తుంది. అడుగున పాతది కాస్త ఎప్పుడూ మిగల్చాలి. పైన నాలుగు దబ్బాకులు, చిటికెడు వాము పడాలి. ఆ పులుపులో వేసిన అన్నం మండుటెండల్లో కూడా పాడవదు. నేను కాలేజీలో చదివింది ఇదేనని చెబితే, దీనికి కాలేజీ ఎందుకురా అంటుంది అమ్మ.

ఆ అడుగు తరవాణి మా నాయనమ్మది. కాకినాడ నుంచి ఇక్కడికొచ్చేటప్పుడు అమ్మ దాన్ని మూత బిగించిన ఇత్తడి చెంబులో పోసి, రైల్లో దారిపొడవునా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నాయనమ్మ నగలు అత్త పట్టుకుపోయినా అమ్మ పల్లెత్తు మాట అనలేదు. కుండ తనకొచ్చింది, చాలంది.

మొన్న వేసవిలో పదిహేను రోజులకు పిన్ని ఇంటికి వెళ్తూ అమ్మ కుండను నాకు అప్పగించింది. రోజూ గంజి పొయ్యమంది. నాకు కుక్కర్ తప్ప తెలియదు. కుక్కర్లో గంజి ఎక్కడిది? మొదటిరోజు వార్చబోయి సగం అన్నం సింకులో పోశాను. ఎలాగోలా పన్నెండు రోజులు నెట్టుకొచ్చాను.

పదమూడో రోజు ఫ్యాక్టరీలో తనిఖీ. ఇక్కడ తెల్లగా ఏమిటి, అక్కడ వాసనేమిటి అని సాయంత్రం దాకా చీవాట్లు తిని ఇంటికొచ్చాను. కుండ మూత తీస్తే పైన తెల్లటి పొర, గుప్పున వాసన. చేతులు వాటంతటవే పనిచేశాయి. సింకులో వంపేశాను, మరిగే నీళ్లు పోశాను, కొబ్బరిపీచుతో తోమి బోర్లించాను. శుభ్రం చేసినట్టు సంతకం పెట్టడానికి జేబులో పెన్ను వెతుక్కుంటున్నప్పుడు తెలివొచ్చింది.

ఇంకో రెండ్రోజుల్లో అమ్మ వస్తుంది. కొత్త తరవాణి పులియబెట్టగలను గానీ నాయనమ్మది ఎక్కణ్ణుంచి తేను?

కింది వాటాలో జనగామ వైపు పెద్దమ్మ ఒకావిడ ఉంటుంది. రోజూ జొన్న అంబలి తాగుతుంది. ఆ పులుపు కాస్త అడిగి తెచ్చి అమ్మకు అబద్ధం చెబుదామని గిన్నె పట్టుకుని దిగాను. నేను నోరు తెరవకముందే ఆవిడ గిన్నె వంక చూసి, "కడిగినవా?" అంది.

తలూపాను. ఆవిడ లోపలికెళ్లి చిన్న చట్టి తెచ్చింది. అందులో దబ్బాకులు తేలుతున్నాయి.

"మీ అమ్మనే ఇచ్చిపోయింది బిడ్డా. మావోనికి శుభ్రం జెర ఎక్కువ, ఏదో ఒకనాడు కడుగుతడు, నీ దగ్గర సుత కొంచెం ఉంచు అన్నది. పదమూడు దినాల సంది గంజి పోస్తున్న. ఏందీ, ఇంకా వస్తలేడు అనుకుంటున్న."

సిగ్గుతో చచ్చాను. ప్రాణం లేచొచ్చింది కూడా. చట్టిలోది పైకి తెచ్చి కుండలో పోశాను.

అమ్మ వచ్చిన రోజు కాళ్లు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఒక గరిటెడు నోట్లో పోసుకుని చప్పరించింది. తోమి తోమి రంగు తేలిన కుండను ఓసారి చేత్తో తడిమింది.

"పైన పొర తీసి పారేస్తే సరిపోయేదిరా," అంది.